గీజరు కోసం ఘాట్ దిగిన ఫైలు

సంపాదకులకు,

అయ్యా,

ఏజెన్సీలో ప్రభుత్వ రిసార్టులు దండగమారి వ్యవహారమని, ప్రైవేటు చేతికిస్తే తప్ప బాగుపడవని ఈమధ్య తరచూ వింటున్నాం. గత డిసెంబరులో అలాంటి రిసార్టు ఒకదానిలో కుటుంబంతో రెండు రాత్రులు ఉండి వచ్చాను. ఊరి పేరు రాయను. నా ఉత్తరం వల్ల అక్కడి కుర్రాళ్ళ ఉద్యోగాల మీదికి రాకూడదు.

కిటికీ తీస్తే లోయంతా మంచు, గదిలో మాత్రం దుప్పట్లు ముక్కిపోయిన వాసన. గీజరు పనిచేయలేదు. చెబితే, పక్క గూడెం కుర్రాడే, పెరట్లో కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్ళు రెండు బకెట్లు మోసుకొచ్చాడు. "ఎలిమెంటు పోయింది సార్. ఎస్టిమేటు కిందికి పంపారు, శాంక్షన్ రాలేదు" అన్నాడు. మేనేజరును కదిలిస్తే, గదుల అద్దె మొత్తం ఆన్‌లైన్‌లో పై ఖాతాకే పోతుందని, తన చేతిలో బల్బు మార్చడానికి కూడా డబ్బు ఉండదని చెప్పారు. మేం ఒక్క రాత్రికి కట్టిన అద్దెతో అలాంటి ఎలిమెంట్లు నాలుగైదు వచ్చేవి.

పొద్దున్నే కాఫీ అడిగితే పాకెట్ చింపి ఇన్‌స్టంట్ పొడి కలిపి ఇచ్చారు. అరకు కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని మనమంతా మురిసిపోయాం కదా! కాఫీ తోటల నడుమ కూర్చుని ఆ పాకెట్ కాఫీయే తాగాం. మెనూలో గోబీ మంచూరియా ఉంది కానీ, ఆ కొండల్లో పండే రాజ్‌మా లేదు, సామలు లేవు. రోడ్డు మీద బొంగులో చికెన్ అమ్ముకునే ఆమెకు తెలిసిన వ్యాపారం ఇంత పెద్ద శాఖకు తెలియలేదు. వలిసె పూల చేలో ఫొటోలకని జనం పైరు తొక్కేస్తుంటే, దడి కట్టి తలకింత అని వసూలు చేసుకునే రైతును కూడా చూశాం. మా ఆవిడ అన్నట్టు, అసలు టూరిజం శాఖ ఆయనే.

ప్రైవేటుకు ఇవ్వమనేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతున్నారు. ఇది షెడ్యూల్డు ప్రాంతం, గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా ఆపే 1/70 చట్టం ఇక్కడ ఉంది. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద మొదలైన, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, ఆ చట్టం కింద ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే'నని, సర్కారు భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. రేపు లీజు అనకుండా నిర్వహణ ఒప్పందం అని పేరు మార్చి కానిచ్చేస్తారేమో, అదే నా అనుమానం. అదే తీర్పు, గనుల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీళ్ళకు, బళ్ళకు, ఆస్పత్రులకు, రోడ్లకు తీసిపెట్టాలని కూడా చెప్పింది. కొండను తవ్వేవాడికే ఆ లెక్క ఉంటే, కొండను చూపించి టిక్కెట్టు అమ్ముకునేవాళ్ళకు ఎందుకు ఉండకూడదు?

అడవిలో జనాన్ని కలుపుకుని నడపడం మనకు కొత్త కాదు. మారేడుమిల్లి అడవుల్లో అటవీశాఖ చేయూతతో వన సంరక్షణ సమితుల గిరిజనులే విడిదులు నడుపుతున్నారు. నల్లమలలో పులుల అభయారణ్యం దారులు చెంచులకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అడవి ఎంతమందిని మోయగలదో వాళ్ళకు తెలుసు. పులుల అభయారణ్యాల్లో పర్యాటకానికి హద్దులు గీస్తూ 2012లో కేంద్ర మార్గదర్శకాలు వచ్చాయి. లంబసింగి, వంజంగి లాంటి చోట్ల ఆ ఊసే లేదు. శని, ఆదివారాల్లో తెల్లవారుజామున ఎన్ని కార్లు ఎక్కితే అన్నీ ఎక్కడమే. సూర్యోదయం అయ్యాక మిగిలేవి ప్లాస్టిక్ సీసాలు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి రిసార్టు రాబడిలో కొంత అక్కడి మేనేజరు చేతిలోనే ఉంచండి. చిన్న మరమ్మతులకు ఫైలు ఘాట్ దిగనక్కర్లేదు. ఇంకొంత చుట్టుపక్కల గ్రామసభలకు ఇవ్వండి. అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీల బదులు ఆ కుర్రాళ్ళ సంఘాలకే పని అప్పజెప్పండి. ఈ నెల ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఊరికి ఎంత ఇచ్చారు అన్నది గేటు దగ్గర బోర్డు మీద రాయండి.

గది ఖాళీ చేసేటప్పుడు ఆ కుర్రాడు ఫిర్యాదుల పుస్తకం తెచ్చి, "గీజరు సంగతి మీరు రాయండి సార్, మేం చెబితే ఎవరూ వినరు" అన్నాడు. తీరా తెరిస్తే, నాకంటే ముందు నలుగురు అదే గది, అదే గీజరు గురించి రాసి సంతకాలు పెట్టి ఉన్నారు. అందుకని పుస్తకం మూసేసి, మీకు రాస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయనగరం