సెంట్రల్ లైన్‌లోంచి కాంట్రాస్ట్: నేర్పినవాళ్లకు మా సీటీ రూముల కృతజ్ఞతలు

నల్లగొండ, పాలమూరు సీటీ రూముల్లో పనిచేసే మా అందరి తరఫున ఈ పోస్టు. సెంట్రల్ లైన్‌లోంచి (లోపలి పెద్ద నరం దాకా వేసే సన్న గొట్టం, కాథెటర్) కాంట్రాస్ట్ (స్కాన్‌లో నరాలు, అవయవాలు స్పష్టంగా కనబడటానికి ఎక్కించే మందు) ఇచ్చే పద్ధతిని కాథెటర్లు చేతికిచ్చి మరీ నేర్పిన ఐసీయూ సిస్టర్లకు, అనస్తీషియా డాక్టర్లకు, ఆదివారం పూట హైదరాబాద్ నుంచి వచ్చిన సీనియర్ టెక్నాలజిస్ట్ అన్నకు పేరుపేరునా ధన్యవాదాలు. వాళ్లు చెప్పింది ఇక్కడ రాసిపెడుతున్నాం, ఇంకో సీటీ రూముకు అక్కరకొస్తుంది.

విజయవాడ హైవే మీద యాక్సిడెంటై వచ్చిన మనిషికి చేతులు వాచిపోయి నరం దొరకదు. మెడలో ట్రిపుల్ ల్యూమెన్, అంటే లోపల మూడు దారులున్న (ల్యూమెన్ అంటే దారి) సెంట్రల్ లైన్ ఉంటుంది. దానికే ఇంజెక్టర్ (కాంట్రాస్ట్‌ను ప్రెషర్‌తో నెట్టే మిషన్) తగిలిద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. అన్న చెప్పిన మొదటి మాట: లైన్ మీది క్లాంప్ (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పు) చదవండి. ప్రెషర్ ఇంజెక్షన్‌కు తయారైన లైన్ అయితే సెకనుకు ఎన్ని ఎంఎల్ వరకో క్లాంప్ మీదో హబ్ (సిరంజి తగిలించే బయటి కొస) మీదో అచ్చయి ఉంటుంది. ఊదా రంగు పిక్ లైన్లు (చేతి నరంలోంచి వేసే సెంట్రల్ లైన్లు) చాలావాటి మీద 5 అని ఉంటుంది; వాటికి ఇంజెక్టర్‌లో ప్రెషర్ లిమిట్ 300 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దాటనివ్వొద్దు. రంగు చూసి నమ్మకూడదు, అంకె చూడాలి. అంకె లేదంటే ఆ లైన్ ఇంజెక్టర్‌కు పనికిరాదంతే.

7 ఫ్రెంచ్ (గొట్టం లావు కొలత) లైన్‌లో డిస్టల్ దారి (కొస దగ్గర తెరుచుకునేది) 16 గేజే, అంటే వెడల్పైనదే అయినా పొడవు 15–20 సెంటీమీటర్లు. చేతికి పెట్టే ఆకుపచ్చ కాన్యులా రెండంగుళాలు కూడా ఉండదు. పొడవు పెరిగితే మందు పారడానికి అడ్డు పెరుగుతుంది, పైగా కాంట్రాస్ట్ చిక్కన. బత్తాయి తోటలో సన్న డ్రిప్పు పైపును నేరుగా మోటారుకు కలిపినట్టే, బలం లేని చోట పగులుతుంది. లోపల పగిలితే మందు ఛాతీలోకి పోతుంది, ముక్క తెగితే గుండెలోకి కొట్టుకుపోతుంది. పగలకపోయినా కొస ఎగిరి మెడ నరంలోకి తిరగొచ్చు. అందుకే స్కౌట్‌లో (సీటీ మిషన్‌తోనే తీసే ఎక్స్‌రే లాంటి బొమ్మ) కొస ఎక్కడుందో ఇంజెక్షన్‌కు ముందూ చూడాలి, తర్వాతా చూడాలి.

సిస్టర్ల దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ. నారడ్రినలిన్ (బీపీ నిలబెట్టే మందు) పోతున్న ల్యూమెన్‌ను ముట్టుకోవద్దు. ఆపితే బీపీ పడిపోతుంది. సెలైన్ నెట్టి ఫ్లష్ చేస్తే పైపులోని మందంతా ఒక్కసారే లోపలికెళ్లి బీపీ ఎగబాకుతుంది. ఖాళీ ల్యూమెన్ హబ్‌ను స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు రుద్ది, ఆరనిచ్చి, 10 ఎంఎల్ సిరంజితో రక్తం వెనక్కి లాగాలి. రాకపోతే అక్కడికే ఆపాలి. వస్తే 10 ఎంఎల్ సెలైన్. 2 ఎంఎల్ సిరంజి వద్దని గట్టిగా చెప్పారు, చిన్న సిరంజికే ప్రెషర్ ఎక్కువ (చేత్తోనే కదా నెట్టేది అనేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి). మామూలు త్రీవే (మూడు దారుల చిన్న కొళాయి) ప్రెషర్‌కు ఆగదు, తీసేసి ప్రెషర్ ట్యూబ్‌నే బిగించాలి. బిగించేటప్పుడు గాలి పోకుండా క్లాంప్ వేసి ఉండాలి, ఇంజెక్టర్ నొక్కే ముందు తీశామో లేదో చూసుకోవాలి. అయ్యాక మళ్లీ సెలైన్.

డయాలసిస్ కాథెటర్ జోలికి పోవద్దు. దాంట్లో హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) నింపి ఉంటుంది, లాగి పారేయకుండా ఫ్లష్ చేస్తే అదంతా పేషెంటుకే. కీమోపోర్ట్ (కీమో మందు ఎక్కించడానికి చర్మం కింద పెట్టే చిన్న డబ్బీ) ఉన్నవాళ్లకు పోర్ట్ ఒక్కటే ప్రెషర్‌ది అయితే చాలదు, దాంట్లోకి గుచ్చే హ్యూబర్ సూదీ అలాంటిదే కావాలి.

మెడ లైన్‌లోంచి మందు చేతి నరం కంటే కొన్ని సెకన్లు ముందే చేరుతుంది కాబట్టి బోలస్ ట్రాకింగ్ (మందు చేరడాన్ని చూస్తూ స్కాన్ మొదలుపెట్టే పద్ధతి) త్వరగా మొదలుపెట్టాలి. తొడ లైన్ అయితే కింది పెద్ద నరంలో మందు చిక్కబడి పొట్ట స్కాన్ మీద గీతలు పడతాయి.

అంకె లేని లైన్ వచ్చినప్పుడు అర్ధరాత్రయినా అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో దిగి, చేతిలో 20 గేజ్ కాన్యులా పెట్టి వెళ్లే అనస్తీషియా డాక్టర్లకు ప్రత్యేకంగా దండాలు. లోతు నరానికి పొడవు కాన్యులానే తెస్తారు, పొట్టిది జారి మందు కండలోకి పోతుందని. ఏ ల్యూమెన్ ఖాళీ, దాని మీద ఎంత అంకె ఉంది అనేది ఇప్పుడు సిస్టర్లు రిక్వెస్ట్ ఫారం మీదే రాసి పంపుతున్నారు. ఆ ఒక్క వాక్యంతో పేషెంటు టేబుల్ మీద పడుకుని ఎదురుచూసే సమయం తగ్గింది. అదొక్కటీ ఇలాగే రాస్తూ ఉండండి సిస్టర్.