దుబాయిలో పుట్టిన బిడ్డకు రెండు గడువులు

సంపాదకులకు,

2025 జనవరిలో పుట్టుకతో వచ్చే పౌరసత్వానికి కత్తెర వేస్తూ ట్రంప్ ఉత్తర్వు వచ్చాక అమెరికాలో పుట్టే మన పిల్లల పౌరసత్వం గురించి పత్రికలు చాలా రాశాయి. గల్ఫ్‌లో పుట్టే పిల్లల సంగతి అంతగా ఎవరూ ఎత్తరు. అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం సరే, ఉండే హక్కు కూడా రాదు. పైగా పుట్టిన రోజు నుంచే రెండు గడువులు మొదలవుతాయి. చాలామందికి ఒక్కటే తెలుసు.

మొదటిది యూఏఈ ప్రభుత్వం పెట్టింది. 120 రోజుల్లో బిడ్డకు రెసిడెన్స్ వీసా కొట్టించాలి. దాటితే రోజుకింతని జరిమానా పడుతుంది, బిడ్డను దేశం దాటనివ్వరు. నాలుగు నెలలంటే బోలెడంత టైముందనిపిస్తుంది గానీ, ఆస్పత్రి కాగితంతో బర్త్ సర్టిఫికెట్, దాని మీద అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, మన కాన్సులేట్ నుంచి పాస్‌పోర్టు, ఇన్సూరెన్స్, ఆపైన వీసా, ఎమిరేట్స్ ఐడీ. ముందుది చేతికొస్తే గానీ తర్వాతది కదలదు.

ఎక్కువగా బండి ఆగేది ఈ పనులకు అడిగే తల్లిదండ్రుల మ్యారేజి సర్టిఫికెట్ దగ్గర. సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన కాగితం ఒక్కటే అక్కడ చెల్లదు. దాని మీద మన సచివాలయంలో సాధారణ పరిపాలన శాఖ, తర్వాత కేంద్ర విదేశాంగ శాఖ, ఆ తర్వాత యూఏఈ ఎంబసీ, చివరికి దుబాయిలో అక్కడి విదేశాంగ శాఖ ముద్రలు పడాలి. సౌదీకైతే అపోస్టిల్, అంటే ఒక అంతర్జాతీయ ఒప్పందం కింద మన విదేశాంగ శాఖ అంటించే స్టిక్కరు, సరిపోతుంది. యూఏఈ ఆ ఒప్పందంలో లేదు, అక్కడ పనికిరాదు. ఈ తేడా తెలియని ఏజెంటు చేతిలో పడితే డబ్బులూ పోతాయి, రోజులూ పోతాయి. పేర్ల గొడవ ఇంకోటి. పాస్‌పోర్టులో లక్ష్మికి ‘ఎక్స్’ ఉంటుంది, పెళ్లి కాగితంలో ‘కె ఎస్ హెచ్’ ఉంటుంది. ఒకదాంట్లో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తింటిది. ఊళ్లో ఉండగా ఇది చిన్న సవరణే. నెలల పిల్లను చంకనేసుకుని అర్జీలు నింపిచ్చే టైపింగ్ సెంటర్ల చుట్టూ తిరిగేటప్పుడు కాదు. బిడ్డ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ మీద వెళ్లేవాళ్లకు 2022 నవంబరు నుంచి యూఏఈలో చిక్కులున్నాయి.

జీతం సంగతి కాన్పుకు ముందే చూసుకోవాలి. కుటుంబానికి వీసా తీయాలంటే నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. అంతకన్నా తక్కువ జీతమున్న మనిషి భార్యను విజిట్ మీద పిలిపించుకుని కాన్పు అక్కడే చేయిస్తే, బిడ్డకు పాస్‌పోర్టు వస్తుంది గానీ తండ్రి పేరు మీద వీసా రాదు.

రెండో గడువు మన దేశానిది. 1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, 2004 డిసెంబరు 3 నుంచి విదేశంలో పుట్టిన బిడ్డ, తల్లిదండ్రులిద్దరూ భారతీయులే అయినా, ఏడాదిలోపు మన ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో పుట్టుక నమోదైతేనే భారత పౌరుడు. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. పాస్‌పోర్టుకు వెళ్లినప్పుడే ఈ నమోదు కూడా అడిగి చేయించుకోండి, కాగితం విడిగా దాచుకోండి.

ఇది తప్పిపోయేది ఎక్కువగా ఖల్లివెల్లి అయిన కుటుంబాలకే. వీసా లేక దాక్కుని బతికేవాళ్లు కాన్సులేట్‌కు పోవాలంటేనే భయపడతారు. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నడిచిన క్షమాభిక్షలో కాగితాల్లేకుండా అక్కడే పుట్టిన పిల్లలకూ వెసులుబాటిచ్చారు. అలాంటి అవకాశం అస్తమానం రాదు.

ఊళ్లోనే పుట్టినట్టు పంచాయతీలో సర్టిఫికెట్ తీయిస్తామనే పెద్దమనుషులు దొరుకుతారు. వాళ్ల మాట వినొద్దు. బిడ్డ దుబాయి ఆస్పత్రి రికార్డులో ఉంటుంది. రెండు కాగితాల్లో రెండు పుట్టిన ఊళ్లుంటే పాస్‌పోర్టు దగ్గర పట్టుబడతారు. అంత అవసరమూ లేదు. అక్కడ నమోదు కాని బిడ్డతో ఇక్కడే స్థిరపడదామని తిరిగొస్తే, జనన మరణాల నమోదు చట్టం 20వ సెక్షన్ కింద, బిడ్డ వచ్చిన 60 రోజుల్లో ఇక్కడ నమోదు చేయించుకోవచ్చు. దాటితే ఆలస్యపు నమోదు పద్ధతి ఉంది. ఈ సెక్షన్ సంగతి కార్యాలయంలోని గుమస్తాకే తెలియకపోవచ్చు, నంబరు చెప్పి అడగాలి.

ఇంకో మాట. బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి భార్యాభర్తలు పనికి వెళ్లడం మనకు మామూలే. బిడ్డ 180 రోజులకు మించి యూఏఈ బయట ఉంటే కష్టపడి తెచ్చిన ఆ వీసా పోతుంది.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప జిల్లాల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో పెళ్లి నమోదుకు వచ్చిన జంటను ‘గల్ఫ్‌కు వెళ్తారా?’ అని ఒక్క మాట అడిగి, పాస్‌పోర్టు ముందు పెట్టుకుని పేర్లు రాయమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆదేశించాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

— గల్ఫ్ కార్మికుల కాగితాల పని చూసే ఒక పాఠకుడు, జగిత్యాల