బాత్రూమ్ గడియ

వాంకూవర్,
ఆదివారం రాత్రి

అక్కా,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచక, తర్వాత మాట్లాడదామని పెట్టేశాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే పక్కన బావగారు ఉంటారు, అమ్మ ఉంటుంది. నువ్వు సగం మింగేస్తావు, నేను సగం మింగేస్తాను. అందుకే కాగితం మీద రాసి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతున్నాను. పోస్టులో వచ్చేదాకా ఆగే పని కాదిది. ముందు నువ్వొక్కదానివే చదువు.

మందుల షాపులో నా ఉద్యోగం బాగానే ఉంది. డ్యూటీ వేళలు మారాయి, అంతే.

బుజ్జి ఆ డీఅడిక్షన్ సెంటర్ నుంచి వచ్చి ఎనిమిది రోజులైందన్నావు. మూడు నెలలు ఏమీ ముట్టలేదు, నా కొడుక్కి ఇక గండం గడిచినట్టే అని బావగారు అంటున్నారట. అక్కా, గండం ఇప్పుడే. మూడు నెలల్లో ఒంటికి ఆ మత్తుమందు అలవాటు తప్పిపోయింది. వాడికి గుర్తున్నది మాత్రం పాత మోతాదు. అప్పట్లో తట్టుకున్నంతే ఇప్పుడు ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోతుంది. సెంటర్ల నుంచి, జైళ్ల నుంచి బయటికొచ్చినవాళ్ళు మొదటి వారాల్లోనే ఎక్కువగా పోతారు. మా పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది.

అందుకని బాత్రూమ్ లోపలి గడియ తీయించెయ్యి. వాడి గది గడియ కూడా. వాడికి చెప్పే తీయించు. కాపలా కాయడానికి కాదురా, నువ్వు లోపల పడిపోతే తలుపు బద్దలు కొట్టే టైము మాకుండదు అని చెప్పు. ఇక్కడ పోయినవాళ్ళలో ఎక్కువమంది వీధుల్లో పోలేదు, నాలుగు గోడల మధ్య పోయారు. పక్కన మనిషి ఉండి ఉంటే బతికేవాళ్ళు చాలామంది. బావగారు రాత్రి బయటినుంచి తాళం వేస్తున్నారన్నావే, అది మాత్రం ఈ రాత్రి నుంచే ఆపించు, నీకు దణ్ణం పెడతాను.

అమ్మ కంటి చుక్కలు ఎవరు వేస్తున్నారు? నువ్వీ గొడవలో ఉండి మర్చిపోతావేమోనని భయంగా ఉంది.

మొన్న రాత్రి షాపు మూసేవేళ జరిగింది నీకు చెప్పలేదు, భయపడతావని. వెనక సందులో ఒకతను గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గురక పెడుతున్నాడు. నిద్రపోతున్నాడనే అనుకుంటారు ఎవరైనా. కానీ అది నిద్ర గురక కాదు, గొంతులో నీళ్ళు కదిలినట్టు గరగరమంటోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. భుజం గట్టిగా కుదిపాను, పేరు అడిగాను, లేవలేదు. తల వెనక్కి వంచి అయిదు సెకన్లకొకసారి ఊపిరి ఊదుతూ, మధ్యలో కిట్ విప్పి, ఆ మత్తుకి విరుగుడైన నాలోక్సోన్ ఆంప్యూల్ విరిచి సూదిలోకి లాగి, ప్యాంటు మీంచే తొడలోకి గుచ్చాను. మళ్ళీ ఊదాను. మూడు నిమిషాలు దాటాక రెండోది ఇచ్చాను. అప్పుడు కళ్ళు తెరిచి నన్ను తిట్టాడు. వంట్లో ఉన్న మత్తు ఒక్కసారిగా విడిస్తే అంత బాధగా ఉంటుంది మరి. ఆ తిట్లు వింటుంటే నాకు ఏడుపొచ్చింది, ఊపిరి ఉంటేనేగా తిట్టేది. అంబులెన్స్ వచ్చేదాకా కదలనివ్వలేదు, ఎందుకంటే ఆ సూది పనిచేసేది కాసేపే. అది దిగిపోయాక లోపలి మత్తు మళ్ళీ ముంచేయొచ్చు.

ఇదంతా రాసింది నువ్వు గురక గుర్తుపట్టాలని. పెదాలు నీలం, కంటిపాపలు సూదిమొనంత, లేపితే లేవకపోవడం. 108కి ఫోన్ చెయ్యి, ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పు. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టు, ఆడకపోతే నోట్లోకి ఊదు. నోట్లో నీళ్ళు, ఉప్పునీళ్ళు ఏవీ పొయ్యొద్దు. నాలోక్సోన్ ఇంట్లో ఉంచుకోవడం వీలవుతుందేమో డాక్టర్ గారిని అడుగు.

ఇక బావగారి మాట. హెరాయిన్ లాంటివి మాన్పించడానికి డాక్టర్లు రోజూ ఇచ్చే మెథడోన్ గురించి నువ్వు చెబితే "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తారా" అన్నారట. నాకు కోపం వచ్చింది, ఎందుకంటే రోజూ ఆ మందు నా చేతుల్తోనే పోసిస్తాను. మా కౌంటర్‌కి పొద్దున్నే ఒకాయన వస్తాడు, మన నాన్న వయసు. ఎర్రటి మెథడోన్ చిన్న కప్పులో కొలిచి ఇస్తాను. నా ఎదుటే తాగుతాడు. మింగాడని తెలియాలిగా, అందుకే ఏదో ఒకటి మాట్లాడిస్తాను. మనవరాలి బడి గురించి చెబుతాడు. తర్వాత పనికి వెళ్ళిపోతాడు. సరైన మోతాదు కుదిరితే దాంతో మత్తెక్కదు, ఒళ్ళు పీకుడు, వణుకు రావు, ఇరవైనాలుగ్గంటలు మనిషి మనిషిలా ఉంటాడు. మెథడోన్, అలాంటిదే ఇంకో మందు బుప్రెనార్ఫిన్, రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. ఎన్నాళ్ళు వాడాలంటే, అవసరమైనన్నాళ్ళు. బీపీ బిళ్ళ ఎప్పుడు మానేస్తావని అమ్మని మనం అడుగుతున్నామా?

మన దగ్గరా ఉంది అక్కా. సూది దాకా వెళ్ళినవాళ్ళకి ప్రభుత్వాసుపత్రుల్లో, మత్తుకి బదులు మందిచ్చే ఓఎస్‌టీ సెంటర్లలో నాలుక కింద పెట్టే బుప్రెనార్ఫిన్ ఉచితంగా ఇస్తారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపేవి అవి. మత్తు మానాలనుకునేవాళ్ళ కోసం ఉన్న 14446కి ఫోన్ చేసి దగ్గర్లో ఎక్కడుందో అడుగు, అది ఉచిత నంబరే. వెళ్ళినప్పుడు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించు. వాడు ఎవరి సిరంజి పంచుకున్నాడో నిలదీయకు, పరీక్ష చేయించు చాలు. హెపటైటిస్ సి ఉందని తేలినా పన్నెండు వారాల బిళ్ళలతో 95 శాతం మందికి పైగా నయమైపోతోంది.

పోలీసు కేసవుతుందన్న భయం వదిలెయ్యి. మత్తుపదార్థాల మీద ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. వాడుకునేవాడు, కొద్ది మొత్తంతో దొరికినవాడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న చోట చికిత్సకి ఒప్పుకుంటే విచారణ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఆ సెంటర్ వాళ్ళు కాలికి గొలుసు వేశారని వాడు నీతో అన్నది నిజమైతే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అదే నేరం. మళ్ళీ అక్కడికి మాత్రం పంపొద్దు. నేనే మొదట సరేనన్నాను కదా, అది నా గుండెల్లో ముల్లులా ఉంది.

నేనుండే చోట మత్తుకి అనుమతులన్నీ ఇచ్చేసి పిల్లల్ని చెడగొట్టారని బావగారు యూట్యూబ్‌లో చూశారట. ఇక్కడి బాధ తక్కువ కాదు, ఒప్పుకుంటాను. 2016 ఏప్రిల్‌లో ఈ బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఈ మరణాల వల్లే ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 2023లో ఒక్క ఏడాదే 2,500 మందికి పైగా పోయారు. వీధి మందులో ఫెంటనిల్ అనే ఇంకో మత్తుమందు కలిసింది, దాని తీవ్రత హెరాయిన్‌కి యాభై రెట్లు. ఆ ఏడాదే జనవరిలో, మూడేళ్ళ ప్రయోగంగా, రెండున్నర గ్రాముల మత్తుమందు వరకు దగ్గరుంటే నేరం కాదన్నారు, 2024 మేలో బహిరంగంగా వాడితే మళ్ళీ నేరమన్నారు. దాని మీద మా షాపులోనే రెండు పక్షాలున్నాయి. కానీ ఈస్ట్ హేస్టింగ్స్ వీధిలో ఇన్‌సైట్ అని ఒకటుంది, 2003 నుంచి. తెచ్చుకున్నది నర్సు కళ్ళెదుట, కొత్త సూదితో ఎక్కించుకుంటారు. మూయిద్దామని కేంద్రం చూస్తే 2011లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కటై నడవనివ్వమన్నారు. అది తెరిచాక చుట్టూ అర కిలోమీటరులో మత్తు మోతాదు మించిన మరణాలు 35 శాతం తగ్గాయి, మిగతా ఊళ్ళో తగ్గింది 9 శాతమే. అక్కడికి రమ్మని బుజ్జికి చెప్పడం లేదు నేను. ఎదుట మనిషి ఉంటే ఏమవుతుందో చెబుతున్నాను.

నేను క్షేమంగానే ఉన్నాను. సాయంత్రం షాపులోవాళ్ళం ఇద్దరం కలిసే బస్టాపుకి నడుస్తాం. వర్షం ఆగకుండా పడుతోంది, అదొక్కటే గుబులు.

బుజ్జి ఫోన్ ఎత్తడం లేదు. పిన్నికి సిగ్గుపడక్కర్లేదని చెప్పు. చిన్నప్పుడు జ్వరమొస్తే నా చున్నీ కొస పట్టుకుని పడుకునేవాడు కదా, నేను కదిలితే లేచిపోయేవాడు. వాడు మళ్ళీ తీసుకున్నానని చెబితే అరవకు అక్కా. చెప్పాడంటే ఇంకా మనల్ని నమ్ముతున్నాడని. బావగారిని కూడా ఆ పూటకి మాట్లాడొద్దను.

డబ్బు సంగతి తర్వాత చూద్దాం. నాకు ఎనిమిదింటికి డ్యూటీ, పడుకుంటాను. పొద్దున లేవగానే ఫోన్ చూస్తాను, వడ్రంగి వచ్చాడో లేదో మెసేజ్ పెట్టు.

నీ చెల్లి