బండి లేదు, కిస్తీ ఉంది: మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయ మున్సిపల్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాలుగు సోమవారాలు అర్జీ పెట్టాను. నాలుగు రసీదులూ పోపుల డబ్బాలో భద్రంగా ఉన్నాయి. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా పాత బస్టాండ్ రోడ్డు బాగుచేశారు. బాగుంది, కాదనను. టైల్స్, గోడల మీద నెమళ్ళు, ఎర్ర గుండె బొమ్మతో ఊరి పేరు రాసిన పెద్ద బోర్డు. ఆ గుండె ఉన్నచోటే పద్నాలుగేళ్ళు నా ఇడ్లీ బండి ఉండేది. ఇప్పుడక్కడ సెల్ఫీ దిగినవాళ్ళు టిఫిన్ ఎక్కడ దొరుకుతుందని వాచ్‌మన్‌ని అడుగుతున్నారు.

సాయంత్రం చెప్పి, తెల్లారేసరికి బండి ఎత్తుకెళ్ళారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని మీకు నేను చెప్పాలా? ఆ చట్టం కింద పెట్టే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మా వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్ళలో ఒక్కరిని చూపించండి, కడుపునిండా టిఫిన్ పెడతాను. అదే, బండి ఇస్తే.

బళ్ళు పెట్టుకోమని మాకిచ్చిన జోన్ కాలువ వెనక ఉంది. అరుగులు కట్టారు, కుళాయి మరిచారు. నా గిరాకీ అంతా అడ్డా కూలీలు, బస్సు దిగినవాళ్ళు. ఏడింటికి పనిలోకెక్కాల్సిన మనిషి ఇడ్లీ కోసం కిలోమీటరున్నర నడుస్తాడా? రోజూ మూడు కిలోల మినపప్పు నానబోసేదాన్ని. ఇప్పుడు కిలో. అదీ మిగిలి పుల్లబడుతోంది. ఆ పిండితో ఇంట్లో మూడు పూటలా అట్లే. అట్టు పేరెత్తితే మా మనవడు పక్కింటికి పారిపోతున్నాడు.

ఇదంతా ఒక ఎత్తు, వీధి వ్యాపారులకిచ్చే స్వనిధి లోన్ ఒక ఎత్తు. మొదటి 10 వేలు గడువులోపే కట్టాను. రెండోసారి 20 వేలు తీసుకున్నాను. కిస్తీలు నడుస్తుండగానే బండి పోయింది. అప్పు ఇప్పించేదీ మీ వాళ్ళే, ఆ అప్పు తీర్చే బండిని లారీ ఎక్కించేదీ మీ వాళ్ళే. ఒకే ఆఫీసు మెట్లెక్కే రెండు సెక్షన్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరా సార్? పోయిన వారం ఫోన్ చేసి, "అమ్మా, ఇది తీర్చేస్తే 50 వేలు వస్తాయి, బండి పక్కన నిలబడి ఫోటో పంపండి" అన్నారు. గుండె బోర్డు పక్కన నిలబడి పంపనా?

మన అధికారులు చూసి రావడానికి వెళ్ళే ఇండోర్‌లో ఛప్పన్ దుకాన్ అనే తిండి వీధిలోకి కార్లు, స్కూటర్లు రాకుండా చేశారు, కొట్లను మాత్రం కదపలేదు. జనం అక్కడికి తినడానికే వెళ్తారు మరి.

నాకు ఆరడుగుల చోటు చాలు. బోర్డుకు అడ్డం రాను, తొమ్మిదిన్నరకల్లా తోసుకెళ్ళిపోతాను. కుదరదంటే కిస్తీలైనా ఆపించండి. అదీ కాదంటే ఆ కుళాయి అయినా పెట్టించండి. ఏదో ఒకటి చేయండి సార్. కిస్తీ కట్టే 10వ తేదీ మళ్ళీ వస్తోంది.

ఇట్లు,
పాత బస్టాండ్ ఇడ్లీ బండి ఆవిడ