ఆయన కారుకి రెండు లైట్లున్నాయి కదండి

చి.ల.సౌ. అమ్ములుకి,

నాన్న ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం. గోదారికి ఎర్రనీరు వచ్చింది, ముక్తేశ్వరం రేవులో పంటు ఆపేశారు, కోటిపల్లి వెళ్లాల్సినవాళ్లు ఎదుర్లంక వంతెన మీంచి చుట్టూ తిరుగుతున్నారు. పెరట్లో చెట్లు దింపు తీయించాను. కాయ బాగానే ఉంది, ధర సంగతి మాత్రం అడక్కు. మీ అమ్మ మోకాలికి డాక్టరు మందు మార్చాడు, కాస్త నయం. సత్తిబాబు కూతురికి ఇంజనీరింగు కౌన్సెలింగు నడుస్తోంది, ఆ టెన్షన్‌లో వాడు తోట వైపే రావట్లేదు. ఇంతంత ఫోన్లో టైపు చెయ్యడం కష్టం గనక కాగితం మీద రాసి బుజ్జిగాడి చేత ఫోటో తీయించి పంపిస్తున్నాను, అక్షరాలు పెద్దవి చేసుకుని నెమ్మదిగా చదువుకో.

మొన్న చిన్నబాబాయి వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. పనసపొట్టు కూర చేసింది పిన్ని, నువ్వుంటే బాగుండేదనుకున్నాం. అక్కడికి పండు వచ్చాడు. మాటల మధ్యలో 'అక్క కారు ఏదో సైకిల్‌కి తగిలిందంట కదా పెదనాన్నా' అన్నాడు. ఎవరు చెప్పార్రా అంటే వాడి స్నేహితుడొకడు నెదర్లాండ్స్‌లో మీ ఐండ్‌హోవెన్‌లోనే ఉద్యోగమంట, వాడికి ఇంకెవరో చెప్పారంట. నేనేమీ అనలేదు. మీ అమ్మ వంటింట్లో ఉంది, వినలేదు.

అది సరే, తిండి సరిగ్గా తింటున్నావా? నువ్వు పంపిన వీడియోలో మొహం పీక్కుపోయి కనిపించింది. ఆ వీడియో తర్వాత మళ్లీ చూశాను. నీ వెనకాల కారుంది. కుడిపక్క అద్దం ఉండాల్సిన చోట నల్ల టేపు చుట్టి ఉంది. మీ దేశంలో బళ్లు కుడివైపు నడుస్తాయి, సైకిళ్ల దారి దానికి ఇంకా కుడిపక్కన ఉంటుందని నువ్వే చెప్పావు. ఇన్నేళ్లు ఎం.వి.ఓ.పి. కేసుల, అంటే రోడ్డు ప్రమాదాల పరిహారం కేసుల, కట్టలు మోసిన ప్లీడరు గుమాస్తాకి కుడి అద్దం కనబడకుండా ఎలా పోతుంది? గోడకి తగిలి ఉండొచ్చు, పార్కింగులో ఎవరైనా గుద్ది ఉండొచ్చు. అదే అయితే ఆ ఒక్క ముక్క చెప్పు చాలు.

దీని గురించి రాయాలని కూర్చోలేదు. బాబాయి దగ్గర జరిగిన వాదన నీకు చెప్పాలనుంది, అంతే. పండు ఆ మాట అనగానే బాబాయి అందుకున్నాడు. 'సైకిల్ వాడికి లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు లేదు, రోడ్డు టాక్సు లేదు, ఎటు పడితే అటు తిప్పేస్తాడు, తగిలితే మాత్రం పాపమంతా కారువాడిదా?' అని. మీ అమ్మ కూడా వాడి పక్షమే. పిన్ని ఏమీ అనలేదు గానీ ఆవిడ తమ్ముడి సంగతి గుర్తొచ్చినట్టుంది, లోపలికి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ మాట వింటే అరటి గెలల కేసు గుర్తొచ్చింది. నీకు చెప్పానో లేదో. అప్పటికి నువ్వు మూడో తరగతో నాలుగో తరగతో.

రావులపాలెం మార్కెట్ యార్డుకి తెల్లవారకుండానే లంకల నుంచి సైకిళ్ల మీద గెలలు దిగుతాయి, నీకు తెలుసు. ఒక్కో సైకిల్‌కి అటు మూడు ఇటు మూడు, వెనక ఇంకో రెండు, దూరం నుంచి చూస్తే గెలలే నడిచొస్తున్నట్టుంటుంది. అలా వెళ్తున్న మనిషిని గట్టు రోడ్డు మీద వెనక నుంచి ఒక కారు గుద్దింది. పెళ్లి నుంచి తిరిగొస్తున్న కారు. గెలలన్నీ కాలవలో పడ్డాయి, మనిషి గట్టు మీద పడ్డాడు, ఎడం కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. కారువాడు పారిపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అదే కారులో ఆసుపత్రికి చేర్చాడు. కానీ మర్నాటికి ఊళ్లో పెద్దమనుషులు కూర్చున్నారు, కేసెందుకు, వైద్యం ఖర్చు ఇప్పించేస్తాం, ఇద్దరూ మనవాళ్లే అని. మా ప్లీడరు గారు కబురు పెట్టారు, ఎఫ్.ఐ.ఆర్. లేకపోతే రేపు కాలు నయం కాకపోతే ఎవరిని అడుగుతావు అని. ఆ మనిషి భార్య గట్టిది. స్టేషన్‌కి వెళ్లి కాగితం రాసిచ్చింది.

ఆ తర్వాత నేను చూసినదే నీకు చెప్పాలి. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు వచ్చి కారుని పరీక్ష చేశాడు. బ్రేకులు బాగున్నాయి, ముందు బంపరు నొక్కుకుంది, ఎడం లైటు అద్దం పగిలింది, యంత్రంలో లోపమేదీ లేదు. అదంతా ఒక పేజీ. సైకిల్‌ని స్టేషన్ వెనక చింతచెట్టు కింద పడేశారు. దానికి రిపోర్టు ఎవరు రాస్తారు? కారు వారం తిరక్కుండా పూచీకత్తు మీద ఇంటికి వెళ్లిపోయింది, ఆ మనిషి తమ్ముడు సైకిల్ కోసం వాయిదా వాయిదాకీ నన్ను అడిగేవాడు, ఏవండీ గుమాస్తా గారూ, అది మాకు కూడు పెట్టే బండండీ అని. చివరికి ఇప్పించాం గానీ అప్పటికి రిమ్ములు తుప్పు పట్టిపోయాయి.

బోనులో ఆ మనిషి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఇన్సూరెన్సు కంపెనీ తరఫు ప్లీడరు అడిగాడు, నీ సైకిల్‌కి లైటుందా? లేదండి. వెనకాల ఎర్ర రిఫ్లెక్టరుందా? గెలలు కట్టాకా కనబడదండి. గెలలు ఎన్ని అడుగుల వెడల్పు? చేతులు చాపి చూపించాడు. అంటే సగం రోడ్డు నువ్వే ఆక్రమించుకున్నావన్నమాట? అప్పుడు ఆ మనిషి జడ్జిగారి వైపు తిరిగి, 'నాకు లైటు లేదు, సరేనండి. ఆయన కారుకి రెండు లైట్లున్నాయి కదండి, వాటికి నేను కనబడలేదాండి' అన్నాడు. కోర్టు హాలు మొత్తం ఊరుకుంది. ఇంగ్లీషులోకి మార్చి వాంగ్మూలంలో ఎలా రాయాలో తెలీక టైపిస్టు మా ప్లీడరు గారి మొహం చూశాడు.

తీర్పులో పావు వంతు తప్పు అతనిదేనన్నారు, లైటు లేనందుకు. ఎక్కడైనా తప్పు లెక్కపెట్టే పద్ధతి ఉన్నప్పుడు అది చెల్లుతుంది, నేను తప్పుపట్టను. కానీ ఆ పావు వంతు కోసం ఆ ఇంట్లో ఏమేం ఆగిపోయాయో కూడా నేనే చూశాను. మిగిలింది చేతికి రావడానికి ఏళ్లు పట్టింది, వచ్చాక కూడా సగం బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యమన్నారు. అప్పట్లో మన మోటారు వాహనాల చట్టంలో తప్పెవరిదని అడక్కుండా ఇచ్చే సెక్షన్ ఒకటుండేది, 140. శాశ్వత వైకల్యానికి అందులో వచ్చేది 25,000 రూపాయలు. ఇప్పుడు 2019 సవరణతో 164 వచ్చింది, మనిషి పోతే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు, తప్పు రుజువు చెయ్యక్కర్లేదు. అంతకుమించి కావాలంటే మళ్లీ 166 కింద బోనెక్కాలి, లైటుందా బెల్లుందా అని అడిగించుకోవాలి.

అందుకే మీ దేశం చట్టం నాకు నచ్చింది. నువ్వు కారు కొన్నప్పుడు ఫోన్లో చెప్పావు, తర్వాత బుజ్జిగాడి చేత వెతికించి చదివించుకున్నాను. 1994 నాటి రోడ్డు చట్టంలో 185వ అధికరణం. కారు సైకిల్‌నో నడిచేవాడినో గుద్దితే నష్టపరిహారం భారం కారు మీదే మొదలవుతుంది, తన చేతిలో లేని కారణం వల్లే జరిగిందని కారువాడే రుజువు చేసుకోవాలి. దెబ్బ తిన్నది 14 ఏళ్లు నిండని పిల్లలైతే, కావాలని అడ్డం పడితే తప్ప, మొత్తం ఇవ్వాల్సిందే. పెద్దవాళ్లయితే వాళ్ల తప్పున్నా సగానికి తగ్గకుండా ఇవ్వాలి. కారువాడు నేరస్తుడని దీనికి అర్థం కాదు తల్లీ, జైలు సంగతి వేరు, అక్కడ తప్పు తేలాల్సిందే. ఇది డబ్బు సంగతి. కారుకి ఇన్సూరెన్సు తప్పనిసరి, మన చట్టంలోనూ 146లో అదే ఉంది. ఇంట్లో సంపాదించే మనిషి కాలు విరిగితే ఆ ఇల్లు కోలుకోదు. కారువాడి తరఫున కంపెనీ కడితే కారువాడి ఇంట్లో ఒక పూట వంట కూడా ఆగదు. బాబాయికి ఇదే చెప్పాను. నువ్వు చెప్పే లైసెన్సూ ఇన్సూరెన్సూ సైకిల్‌కి ఎందుకు లేవంటే, సైకిల్ గుద్దితే కారులోవాడు చచ్చిపోడు గనక. టన్ను బరువు రోడ్డు మీదకి తెచ్చినవాడే ముందు జవాబు చెప్పాలి.

సైకిల్ వాళ్లది తప్పుండదని నేననను. ఎర్రలైటు దాటేవాళ్లుంటారు, చెవుల్లో పాటలు పెట్టుకునేవాళ్లుంటారు, మన పక్క తాగి తొక్కేవాళ్లకి కొదవలేదు. అలాంటప్పుడు కారుకి పడిన నొక్కుకి వాడి వంతు వాడి మీద పడాలి, మీ దగ్గరా పడొచ్చు. కానీ పిల్లల్ని ఏమంటావు? ఆ మధ్య ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్లిచ్చినప్పుడు మన గట్టు మీద ముగ్గురేసి నలుగురేసి పక్కపక్కన తొక్కుకుంటూ వెళ్లేవాళ్లు, మాట్లాడుకుంటూ. వాళ్లకి కారు ఎంత వేగంతో వస్తోందో అందాజు ఉండదు. 1971లో మీ దేశంలో రోడ్ల మీద 3,000 మందికి పైగా పోయారని, అందులో 400 మందికి పైగా పిల్లలేనని, తల్లిదండ్రులు రోడ్డెక్కితే అప్పుడు దారులు మారాయని నువ్వే కదా చెప్పావు, మొదటి ఏడాది అక్కడి సైకిళ్లు చూసి మురిసిపోయి. అది నాకు గుర్తుంది. నీకు గుర్తుందా?

అందుకే అడుగుతున్నాను. తగిలితే తగిలింది, అమ్ములూ. ఆగావా? ఇక్కడైతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134, గాయపడినవాళ్లకి వైద్యం అందించడం, పోలీసులకి చెప్పడం డ్రైవరు బాధ్యత. అక్కడా ఆగకుండా వెళ్తే నేరమే. 112కి ఫోన్ చేశావా? అందరూ నింపే ఆ యాక్సిడెంటు ఫారం ఉంటుందిట, రెండు పక్షాలూ సంతకం పెట్టాలిట, అది నింపారా? ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పావా, ప్రీమియం పెరుగుతుందని దాచావా? అలా దాస్తే ముందు నష్టపోయేది అవతలి మనిషి. చేతికో కాలికో చిన్న దెబ్బేనని ఆ రోజు అనిపిస్తుంది, వారం తర్వాత వాపు తగ్గదు, అప్పుడు కాగితం లేకపోతే వాళ్లు ఎవరిని అడగాలి? నువ్వు భయపడి ఉంటే భయపడినట్టు చెప్పు. నేను కోప్పడను. తప్పు నీదా వాళ్లదా అని కూడా అడగను, అది తర్వాత చూసుకునే సంగతి.

చూశావా, అద్దం సంగతి వదిలేద్దామనుకున్నాను, మళ్లీ అక్కడికే వచ్చాను. సరే. నీ ఇండియా లైసెన్సు అక్కడ నివాసం నమోదైన నాటి నుంచి 185 రోజులే చెల్లుతుందన్నావు, అది మార్పించుకున్నావా లేదా? అల్లుడు గారిది అయిందని ఆయన చెప్పారు, నీది ఎవరూ చెప్పలేదు. నీ పాత లైసెన్సు జిరాక్సులు బీరువా పైఅరలో నీలం ఫైల్లో ఉన్నాయి, కావాలంటే స్కాన్ చేయించి పంపిస్తా. అక్కడ డ్రైవరు సీటు ఎడంపక్క గనక కారు ఆపాక తలుపు కుడిచేత్తో తీయి, అలా తీస్తే ఒళ్లు తిరిగి వెనకాల సైకిల్ వస్తే కనబడుతుంది, అక్కడ డ్రైవింగ్ నేర్పేవాళ్లే అలా నేర్పుతారన్నావుగా. ఒక అద్దం లేకుండా మాత్రం నడపకు, బాగుచేయించేదాకా బస్సెక్కు. రాత్రిపూట తినకుండా పడుకోకు. అప్పడాలూ ఊరమిరపకాయలూ పార్సిల్ కడుతున్నాను, పూతరేకులు ఈ వానకి మెత్తబడతాయని మానేశాను, దసరాకి పంపిస్తా. కాకరకాయ పొడి మీ అమ్మ నూరింది, అది అల్లుడు గారికి, నువ్వు తినవని తెలుసు. అయినా ఒక స్పూను తిను.

ఆ సైకిల్ మనిషి ఎవరో, దెబ్బ ఎంతో, ఇప్పుడెలా ఉన్నారో కనుక్కున్నావా? కనుక్కోకపోతే ముందు ఆ పని చెయ్యి, అల్లుడు గారిని వెంట తీసుకెళ్లు, ఒక్కదానివీ వెళ్లకు. ఇలాంటిదేమీ జరగలేదంటే పండు చెవి నేను పట్టుకుంటా.

మీ అమ్మ సాయంత్రం ఆరింటికి గుడికి వెళ్తుంది, ఏడు దాటితే గానీ రాదు. నీకప్పుడు మధ్యాహ్నం రెండున్నర. ఆఫీసులో ఉన్నా సరే, బయటికి వచ్చి ఫోన్ చెయ్యి.

నాన్న