ఆర్ట్స్ కాలేజీ దగ్గరే ఆగిపోకండి

ఎడిటర్ గారికి,

ఉస్మానియా విశ్వవిద్యాలయం మాట వస్తే పత్రికల్లో ఆర్ట్స్ కాలేజీ ఫొటో పడాల్సిందే. 1939 డిసెంబరులో ప్రారంభమైన ఆ గులాబీ గ్రానైట్ భవనం గొప్పదే, కాదనం. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన సంగతీ ప్రతి వ్యాసంలో ఉంటుంది. ఉండనిదల్లా బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ, అంటే నక్షత్రాలను పరిశీలించే వేధశాల. మా లెక్కన ఉస్మానియా పరిశోధనల్లో ముందు చెప్పుకోవాల్సింది అదే.

నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంతంగా పెట్టుకున్న ఈ వేధశాల 1908లో నిజాం సర్కారుకు, 1919లో యూనివర్సిటీకి వచ్చింది. అప్పట్లో పలు దేశాలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని నక్షత్రాల పట్టిక తయారుచేస్తున్నాయి. చిలీలోని శాంటియాగో వేధశాల వదిలేసిన -17 నుంచి -23 డిగ్రీల పట్టీని (ఆకాశ మధ్యరేఖకు దక్షిణం వైపు మైనస్, ఉత్తరం వైపు ప్లస్) హైదరాబాద్ తలకెత్తుకుంది. అది చాలదన్నట్టు జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తిచేయని వాటాలో +36 నుంచి +39 డిగ్రీలూ చేసిపెట్టింది. మొత్తం 12 సంపుటాలు, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు. ఫొటో తీసే 16 సెంటీమీటర్ల భుజమున్న చదరపు గాజు ప్లేటు మీద నక్షత్రాలతో పాటు 5 మిల్లీమీటర్ల గళ్లు కూడా పడేలా చేసి, ఒక్కో చుక్క గీతకు ఎంత దూరంలో ఉందో మైక్రోస్కోపులో చూసి కొలిచేవారు. ఏడున్నర లక్షల చుక్కలూ అలా కంటితో కొలిచినవే!

అదంతా పాతచింతకాయ పచ్చడి కాదు. నక్షత్రం ఎటు, ఎంత వేగంతో జరుగుతోందో తెలియాలంటే దశాబ్దాల ఎడం ఉన్న రెండు కొలతలు కావాలి. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలు లెక్కగట్టడానికి ఉపగ్రహం కొలతల పక్కన పెట్టుకున్న పాత కొలతల్లో హైదరాబాద్‌వీ ఉన్నాయి.

యూనివర్సిటీని మేం కోరేది ఒక్కటే. 48 అంగుళాల టెలిస్కోపున్న జపాల్-రంగాపూర్ వేధశాల సహా అన్నిచోట్లా మిగిలిన ప్లేట్లకు జాబితా తీసి, స్కాన్ చేయించాలి. కొడైకెనాల్ వేధశాలలో తీసిన సూర్యుడి ప్లేట్లకు ఆ పని జరిగింది. పద్ధతి తెలియకుండా చేయిస్తే మాత్రం ఉన్నవీ పోతాయి. ప్లేట్లను ఒకదానిమీద ఒకటి పేరిస్తే అడుగువి బరువుకు పగులుతాయి, అంచు మీద నిలబెట్టాలి. గాలిలో తేమ 40 శాతం దాటకూడదు. తేమ ఎక్కువైతే ఎమల్షన్‌కు (గాజు మీద బొమ్మ పడే పూతకు) బూజు పడుతుంది, ఎక్కుతూ తగ్గుతూ ఉంటే అంచుల్లో పొర లేస్తుంది. తుడవాల్సింది ఉత్త గాజు వైపే. అటు సిరాతో పెట్టిన గుర్తులుంటే ముందు ఫొటో తీసుకోవాలి. స్కానింగ్ 2400 డీపీఐ (అంగుళానికి 2400 చుక్కలు), 16 బిట్‌కు (ఒక్కో చుక్క వెలుగును నమోదు చేసే సూక్ష్మతకు) తగ్గకూడదు. ప్లేటుకు సుమారు 450 ఎంబీ అవుతుంది. జేపీజీగా కుదిస్తే సన్న చుక్కల అంచులు చెదిరిపోతాయి. స్కానర్ తప్పులు తేలాలంటే ప్లేటును 90 డిగ్రీలు తిప్పి మరోసారి తీయాలి.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ప్లేట్ల వివరాలు రాసిన లాగ్ బుక్కులు. తేదీ, ఎక్స్‌పోజర్ సమయం తెలియని ప్లేటును ఎంత బాగా స్కాన్ చేసినా లెక్కకు పనికిరాదు.

ఇట్లు,
ఖగోళశాస్త్ర పూర్వ విద్యార్థులు కొందరు,
హబ్సిగూడ, హైదరాబాద్