మన షెడ్డులో పవర్ స్టీరింగ్ పెట్టించుకున్న పాత జీపుల వాళ్లకి: బండి తియ్యకండి

గత ఏడాదిలో ఏడు పాత జీపులకి పవర్ స్టీరింగ్ పెట్టాం. ఆ ఏడింటినీ ఇప్పుడు ఆపమంటున్నాను. సంగతి ఆటోనగర్‌లో నలుగురి నోళ్లలో పడి వంకరగా మీ దగ్గరికి చేరేలోపు నేనే చెబుతున్నాను.

సోమవారం ఒక సీజే-3బీ మోడల్ పాత జీపు ఆయిల్ మార్చడానికి వచ్చింది. కింద పడుకుని చూస్తున్న మా కుర్రాడు, "అన్నా, స్టీరింగ్ షాఫ్ట్ మీద పెయింట్ వెంట్రుకలా చీలింది" అన్నాడు. ఎమెరీ పేపర్‌తో రుద్దితే కింద వెల్డింగ్ రింగు కనబడింది. ఆ రింగు పక్కనే గోరంత పగులు. నడిపే ఆయనకి తేడా ఏమీ తెలియలేదట. విరిగేదాకా తెలియదు కూడా.

అక్కడ వెల్డింగ్ ఉండనే కూడదు. ఈ జీపులకి ముందు ఉన్న పాత రాస్ స్టీరింగ్ బాక్సుకి వీల్ దగ్గర్నుంచి లోపలి కామ్ (మెలి గాడి ఉన్న ముక్క) దాకా ఒకటే పొడవాటి రాడ్డు, మధ్యలో అతుకు లేదు. పవర్ బాక్సుకి బయటికొచ్చేది స్ప్లైన్స్ (పొడవునా కోసిన పళ్లు) ఉన్న పొట్టి మొన మాత్రమే. అందుకని కాలమ్‌కీ ఆ మొనకీ మధ్య రెండు క్రాసులతో (వంగుతూ తిరిగే కీళ్లతో) ఒక షాఫ్ట్ వెయ్యాలి. తొమ్మిదేళ్లుగా మాకు పని చేసే లేత్ షాపుకే ఇచ్చాను. ఒకే బారు తిప్పి రెండు చివర్లా స్ప్లైన్స్ కొయ్యమని కాగితం మీద గీసి మరీ ఇచ్చాను. వాళ్లు చేసిందేమిటంటే, స్ప్లైన్స్ ముక్కలు రెండు తెచ్చి మధ్యలో రాడ్డు పెట్టి వెల్డ్ చేసి, గ్రైండర్‌తో నున్నగా చేసి నల్ల పెయింట్ కొట్టారు. నా దగ్గర డబ్బు తీసుకుంది మాత్రం ఒకే ముక్కకి.

వెళ్లి అడిగితే లేత్ షాపు ఆయన, "ప్రొపెల్లర్ షాఫ్టుకి వెల్డింగ్ లేదా? ఇది పదేళ్లయినా కదలదు" అన్నాడు. కంపెనీ వెల్డింగూ ఇదీ ఒకటేనా! నేనడిగింది ఈఎన్8 ఉక్కు, అందులో కార్బన్ 0.4 శాతం దాకా ఉంటుంది. ముందు వేడి చెయ్యకుండా అతికి వదిలేస్తే అతుకు పక్కనే పెళుసెక్కుతుంది. "పవర్ స్టీరింగే కదా, దాని మీద బరువేముంది" అన్నాడు మళ్లీ. పవర్ పుట్టేది బాక్సులో, ఈ షాఫ్ట్ దాటాక. ఘాట్‌లో ఇంజను ఆగిపోతే మీ రెండు చేతుల బలమంతా పడేది దీని మీదే.

డబ్బు వెనక్కిస్తాను, పేరు బయటపెట్టొద్దన్నాడు. పేరు పెట్టను. ఆ డబ్బూ తీసుకోను. ఆ గడప మళ్లీ తొక్కను.

రెండు రాత్రులు నిద్ర లేదు. ఫ్రీ సర్వీసు అని అందర్నీ పిలిచి, చప్పుడు చెయ్యకుండా షాఫ్ట్ మార్చి పంపేద్దామా అని నిజంగానే అనుకున్నాను. దాచడం ఎందుకు, కార్డులు ప్రింట్ చేయించడానికి రేటు కూడా అడిగాను. బుధవారం రాత్రి మీలో ఒకరు మెసేజ్ పెట్టారు: "శనివారం పిల్లలతో లంబసింగి వెళ్తున్నాం, టైర్లలో గాలి ఎంత పెట్టమంటారు?" అప్పటికప్పుడు ఫోన్ చేశాను. "గాలి సంగతి తర్వాతండి, ముందు బండి తియ్యకండి" అన్నాను.

ఆ రాత్రే ఇంకో ముగ్గురికి చేశాను. ఒకాయన, "అయితే మీరూ వెల్డింగ్ బ్యాచే అన్నమాట" అన్నారు. పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల రాడ్లని కదిపే చెయ్యి) వేడి చేసి వంచమని వచ్చిన వాళ్లని ఇరవై రెండేళ్లుగా తిప్పి పంపుతున్నాను. అలా పోయిన బేరాలు లెక్కపెట్టలేదు. ఆ మాట పడాల్సి వచ్చింది. పడ్డాను, ఎందుకంటే తప్పు నాదీ ఉంది. క్రాసుల చెవులు రెండూ ఒకే వరసలో ఉన్నాయా, లాక్ బోల్టు గాడిలో కూర్చుందా, వీల్ ఇటు చివర నుంచి అటు చివరకి తిప్పితే షాఫ్ట్ సైలెన్సర్ పైపుకి తగులుతోందా, స్ప్లిట్ పిన్నులు పడ్డాయా, అన్నీ చూశాను. పెయింట్ కింద మాత్రం చూడలేదు.

ఇకమీదట కంపెనీ బండికొచ్చే అసలు షాఫ్టే వేస్తాను. పొడవు కుదరకపోతే షాఫ్ట్ కొయ్యను, బాక్సు బ్రాకెట్ కొత్తగా కట్టి జరుపుతాను. రెండు రోజులు ఎక్కువ పట్టినా సరే, ఎవరు తొందరపెట్టినా సరే. ఏ ముక్క వచ్చినా పెయింట్ గీకి, ఎర్ర డై పూసి తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టి (పగులుంటే తెలుపు మీద ఎర్ర గీత తేలుతుంది), పగులు లేదని మీ కళ్లకి చూపించాకే బిగిస్తాను.

మీ దగ్గరికి ట్రైలర్ నేనే పంపిస్తాను. తాడు కట్టి లాక్కురావద్దు, అప్పుడూ తిప్పాల్సింది ఆ స్టీరింగే. పైసా ఇవ్వక్కర్లేదు. పాత బాక్సే మళ్లీ పెట్టమంటే అదీ చేస్తాను. మీ రాస్ బాక్సులు ఒక్కటీ అమ్మలేదు, బండి నంబరు రాసి అటక మీద పెట్టించాను.

ఇద్దరి ఫోన్లు ఇంకా కలవడం లేదు. ఒకటి ఏలూరు వైపు తిరిగే ఆకుపచ్చ సీజే-3బీ, రెండోది హార్డ్ టాప్ వేసిన తెల్ల జీపు. మీకెవరికైనా ఎదురుపడితే ఆపి విషయం చెప్పండి.